కొండెక్కిన సముద్రం

మా ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందని అనరు. కొండెక్కిందంటారు. 2011 నవంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున, భీమిలి నుంచి అరకు బయలుదేరుతూ నీళ్ళడబ్బాను గుమ్మంలో దించితే, మా అమ్మ దాన్లోకి తొంగి చూసి, "సముద్రపు జీవాన్ని కొండెక్కిస్తావా నాయనా!" అంది. ఆవిడ ఏ అర్థంలో అందో అప్పుడు ఆలోచించలేదు. రైలు వేళవుతోందన్న కంగారులో ఉన్నాను.

ముందురోజు పొద్దున గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట అలివి వల లాగుతుంటే చూడ్డానికి వెళ్ళాను. కవళ్ళు, వెండి చారికల్లాంటి చిన్న చేపలు, నాలుగు పీతలు. వాటి మధ్య అరచేతిలో ఇమిడేంత చేప ఒకటి, పొట్ట బంతిలా ఉబ్బించుకుని ఇసుకలో వెల్లకిలా పడి ఉంది. పిల్లలు దాన్ని కాలితో అటూ ఇటూ తంతున్నారు. నేను వంగేసరికి వల లాగుతున్న పెద్దాయన కేకేశాడు. "ఏటి మాస్టారూ, దాన్నెత్తుకెల్తారేటి? ఇసం చేప బాబూ. కుక్క కూడా మూతెట్టదు."

ఆయన చెప్పింది నిజమే. పఫర్ చేప కాలేయంలో, గుడ్లసంచిలో, చాలా రకాల్లో చర్మంలో కూడా టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. వండినా పోదు. కండరాలను, చివరికి ఊపిరిని స్తంభింపజేస్తుంది. 1774లో కెప్టెన్ కుక్ న్యూ కలెడోనియా తీరంలో ఇలాంటి చేపనే రుచి చూసి ఒళ్ళు మొద్దుబారి మంచాన పడ్డాడు. దాని పేగులు తిన్న పంది చచ్చిపోయింది. ఇదంతా నేను పదో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే. కానీ ఆ పొద్దున ఇసుకలో ఆ చేప కన్ను నావైపు తిరిగింది. పఫర్ చేప రెండు కళ్ళనూ వేర్వేరు దిక్కులకు తిప్పగలదు. ఒకటి సముద్రం వైపు, ఒకటి నావైపు. దాన్ని బకెట్లోకి తోసుకున్నాను.

నా మొదటి తప్పు అదే. పక్కనే సముద్రం ఉంది. అలల్లోకి వదిలేస్తే సరిపోయేది.

జీవశాస్త్రం మాస్టారుగా అరకులో నాకు అప్పటికి ఆరేళ్ళ ఉద్యోగం. ఇంట్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న గాజుతొట్టె ఖాళీగా పడి ఉంది. రెండువందల యాభై లీటర్లు పడుతుంది. సముద్రాన్ని ఎప్పుడూ చూడని పిల్లలకు దాన్ని చూపించాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. మా బడిలో సగం మంది పిల్లలు కొండదొర, భగత, కోటియ, పరజ కుటుంబాలవాళ్ళు. సముద్రం నూట పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నా, పుస్తకంలో నీలం రంగుగా తప్ప దాన్ని ఎరగరు.

విశాఖలో కిరండూల్ పాసింజరెక్కాం, నేనూ చేపా. ఈ రైలు దారిని 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి వేశారు. మొత్తం దారిలో 58 సొరంగాలు. సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా డబ్బాలో బొబ్బరింత కన్నుకు చీకటి పడేది, బయటికొస్తే వెలుగొచ్చేది. మూత సందులోంచి అది నన్నే చూస్తోంది. బొర్రా దాటింది. గోస్తనీ పుట్టేది ఆ కొండల్లోనే. నది ఏ దారిన కిందికి దిగి భీమిలి చేరిందో, ఆ నది మూతిలో పట్టుబడ్డ చేప ఆ దిక్కుకే పైకి ప్రయాణం చేస్తోంది. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్లో బండి ఆగినప్పుడు చలిగాలి కొట్టింది. నా శాలువా తీసి డబ్బాకు చుట్టాను.

ఇంటికొచ్చాక దాన్ని చేత్తో ఎత్తలేదు. పఫర్‌ను నీళ్ళలోంచి బయటికి తీయకూడదు. బెదిరితే అది నీళ్ళు మింగి పొట్ట ఉబ్బిస్తుంది. పక్కటెముకలు లేకపోబట్టి ఒళ్ళు అంతలా సాగుతుంది. గాలిలో ఉన్నప్పుడు బెదిరితే మాత్రం గాలి మింగుతుంది. నీటిని కక్కినంత తేలిగ్గా గాలిని కక్కలేదు. తల కిందులుగా తేలి చనిపోతుంది. అందుకని గిన్నెతో నీళ్ళతో సహా ముంచి తొట్టెలోకి దింపాను. మా ఆవిడ చూసి, "బూరెలా ఉంది" అంది. ఆ రోజు నుంచి దాని పేరు బూరె.

గోధుమ బూడిద కలిసిన ఒళ్ళు. పసుపు తోక, తోకకు నల్లని అంచు. శాస్త్రీయంగా అరోత్రాన్ ఇమ్మాక్యులేటస్. మచ్చలేనిదని ఆ పేరుకర్థం.

అరకులో ఉప్పునీటి తొట్టె పెట్టడమంటే ఏమిటో చెప్పాలి. ఆరంభంలో భీమిలి నుంచి పాతిక లీటర్ల డబ్బాల్లో సముద్రపు నీరు తెచ్చేవాణ్ణి. తర్వాత తొట్టెల కోసం తయారుచేసే సముద్రపు ఉప్పు తెప్పించాను. లీటరుకు ముప్పై అయిదు గ్రాములు. వారానికి అయిదో వంతు నీరు మార్చాలి కాబట్టి ప్రతి వారం కిలోముప్పావు ఉప్పు. వంటింటి కల్లుప్పు పనికిరాదు. సముద్రంలో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, ఇంకా ఎన్నో ఉంటాయి. మడిలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు వాటిలో చాలా భాగం చేదునీళ్ళలో మిగిలిపోతుంది. నీరు ఆవిరైతే మంచినీళ్ళే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అన్నిటికన్నా ముఖ్యం, చేప విసర్జించే అమ్మోనియాను తినే బాక్టీరియా తొట్టెలో స్థిరపడాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి స్థిరపడక ముందే నేను చేపను దింపాను. మొదటి నెలంతా రోజూ నీళ్ళు మారుస్తూ దాన్ని బతికించుకున్నాను.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. ఇక్కడి గాలి ఒత్తిడి తీరంలో కన్నా దాదాపు పదో వంతు తక్కువ. నీటిలో కరిగే ప్రాణవాయువూ ఆ మేరకు తక్కువ. ఉప్పునీరు మంచినీటికంటే ఎలాగూ తక్కువ ప్రాణవాయువును పట్టుకుంటుంది. గాలి పంపు ఒక్క గంట ఆగినా బూరె నీటి మీదకొచ్చేది. డిసెంబరు, జనవరిలో రాత్రిపూట ఇక్కడ పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. దానికి ఇరవై నాలుగూ ఇరవై అయిదూ ఉండాలి. హీటరుకు తోడు తొట్టె చుట్టూ గొంగళ్ళు కప్పేవాళ్ళం.

ఆ ఉప్పు మోసుకొస్తున్నప్పుడు ఒక సంగతి మనసులో మెదిలేది. ఈ కొండలకు ఉప్పు ఎప్పుడూ కిందినుంచే వచ్చింది. ఎద్దుల మీద వర్తకులు తెచ్చిన ఉప్పుకు చింతపండు, పసుపు, పిప్పలి ఇచ్చుకున్నవాళ్ళ మనవలు మా పిల్లలు. ఇచ్చేది ఎంతో, పుచ్చుకునేది ఎంతో తూకం వేసుకునే వీలు లేని బేరాలవి. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టడానికి ఆ అన్యాయం ఒక కారణం. అలాంటి చోట ఒక చేప కోసం వారానికి కిలోముప్పావు ఉప్పును నీళ్ళలో కలిపి పారబోస్తున్నాను. పారబోయడానికి కూడా చోటుండేది కాదు. మట్టిలో పోస్తే మొక్క బతకదు. గెడ్డలో పోయలేను. ఇంటి వెనక సిమెంటు తొట్టెలో ఎండబెట్టేవాణ్ణి.

పిల్లలు మాత్రం వచ్చేవాళ్ళు. సాయంత్రం బడి వదిలాక వరండాలో చెప్పులు విడిచి, తొట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ళు. బూరె ఒక్కొక్కరి ముఖం ముందూ ఆగి చూసేది. వెన్ను రెక్కనూ, తోక కింది రెక్కనూ పక్కలకు ఆడిస్తూ, నిలువునా కదలకుండా ఉండగల చేప అది. తిండి పెట్టేవాళ్ళను గుర్తుపడుతుంది. నేను గదిలోకి వస్తే గాజు పొడవునా పరుగెత్తేది, ఆలస్యమైతే పైకొచ్చి నోటితో నీళ్ళు చిమ్మేది. కళ్ళు మూయగల చేపలు అరుదు. ఇది మూసేది. రాత్రి దీపం తీశాక కనుగుడ్డు లోపలికి తీసుకుని, చుట్టూ చర్మం ముడుచుకుని, ఇసుక మీద పొట్ట ఆనించి పడుకునేది.

ఇప్పుడు పళ్ళ సంగతికి వస్తాను. ఈ కథంతా అక్కడే తిరిగింది.

ఈ చేపల కుటుంబం పేరు టెట్రాడాంటిడే. నాలుగు పళ్ళవని అర్థం. పైన రెండు, కింద రెండు, చిలుక ముక్కులా కలిసిపోయి ఉంటాయి. అవి బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, మన గోళ్ళలాగా. సముద్రంలో పీత డిప్పలూ, ఆలిచిప్పలూ, నత్తలూ కొరికి కొరికి అరగదీసుకుంటుంది. పెరగడమూ అరగడమూ సరిసమానంగా సాగితే ఆ నోరు నోరుగా ఉంటుంది. గట్టి తిండి లేకపోతే పళ్ళు ఒకదాన్నొకటి దాటి పెరిగి నోరే మూసుకుపోతుంది.

మొదటి ఏడాదిన్నర దానికి గట్టి తిండికి లోటు లేదు. తొమ్మిదో తరగతి చదివే కొండదొర కుర్రాడొకడు ఉండేవాడు. బూరె పళ్ళ గురించి నేను చెప్పిన మర్నాడే సొరకాయ బుర్రలో నీళ్ళతో సహా పీతలు తెచ్చాడు. "గెడ్డలో రాళ్ళ కింద ఉంటాయి సార్. మేం కాల్చుకు తింటాం." వరిమళ్ళలో నత్తలు కూడా ఏరుకొచ్చేవాడు. మందులు కొట్టని మడి ఏదో వాడికి తెలుసు. వాటిని నాలుగు రోజులు మంచినీళ్ళలో ఉంచి, కడిగి, వారానికి మూడు నాలుగు సార్లు వేసేవాళ్ళం. నత్త గుల్ల పటుక్కున పగిలిన చప్పుడు గాజు అవతలికి వినపడేది. పిల్లలు ఆ చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు.

2013 వేసవిలో ఆ కుర్రాడు పదో తరగతి పాసై పాడేరు కాలేజీకి వెళ్ళిపోయాడు. నేను గెడ్డకు వెళ్ళలేదు. వెళ్ళొచ్చు. అరగంట నడక. పీతల డిప్పలు నీళ్ళను పాడుచేస్తున్నాయని, తొట్టె కడగలేకపోతున్నానని నాకు నేను సాకు చెప్పుకున్నాను. విశాఖ వెళ్ళినప్పుడు రొయ్యలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ వాటిని మనుషులకు చేసినట్టే తలలు తీసి, తొక్క ఒలిచి, నడుము నరం లాగి, ముక్కలు కోసి ఉంచేది. పసిపిల్లకు అన్నం మెత్తగా పిసికి పెట్టినట్టు పెట్టాం. రోజూ పెట్టాం. అది తింటుంటే మాకు కడుపు నిండేది.

ఒలిచిన రొయ్య పళ్ళను అరగదీయదు. దాంతో పాటు ఇంకో దోషం కూడా ఉంది. కొన్ని రకాల రొయ్యల్లో, చిప్పజీవుల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. ఎప్పుడూ ఒకటే తిండి పెడితే చేప నరాలు నీరసిస్తాయి. పీత ఒకరోజు, నత్త ఒకరోజు, తొక్కతో రొయ్య ఒకరోజు, ఆలిచిప్ప ఒకరోజు పెట్టాల్సింది. ఇవేవీ నాకు తెలియనివి కావు. తెలిసిన మనిషి చేసిన తప్పుకు ఏ పేరు పెట్టాలి?

2014 సంక్రాంతి వెళ్ళాక గమనించాను. రొయ్యముక్కను నోట్లోకి తీసుకుంటుంది, వెంటనే ఉమ్మేస్తుంది. మళ్ళీ తీసుకుంటుంది. పై పళ్ళు కింది పళ్ళను కప్పేసి కొక్కెంలా వంగాయి. పొట్ట పల్చబడింది. నెలరోజులు ఇదిగో తగ్గుతుంది, అదిగో తగ్గుతుందని చూశాను. ఆ నెల కూడా నా పద్దులోనే.

చివరికి మార్చిలో పళ్ళు కత్తిరించాం. ఒక బేసిన్‌లో తొట్టె నీళ్ళు పోసి, లవంగ నూనె కొన్ని చుక్కలు వేరే సీసాలో గిలకొట్టి కలిపాను. లవంగ నూనెలోని యూజినాల్ చేపకు మత్తు ఇస్తుంది. ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. బూరె మెల్లగా పక్కకు ఒరిగింది. తడిగుడ్డలో పట్టుకుని, దవడ నీళ్ళ అంచునే ఉంచి, గోళ్ళు కత్తిరించే చిన్న పట్టకారుతో పంటి కొనలు కొరికించాను. మా ఆవిడ టార్చి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వణకలేదు. నాది వణికింది. రెండు తెల్లని ముక్కలు బేసిన్ అడుగున పడ్డాయి. మంచినీళ్ళలోకి, అంటే దాని ఉప్పునీళ్ళలోకి, మళ్ళీ వదిలాక పదినిమిషాలకు ఒక కన్ను కదిలింది.

ఆ తర్వాత నేనే గెడ్డకు వెళ్ళాను. కానీ దవడ అప్పటికే బలహీనపడింది. పీతను పట్టుకునేది, కొరకలేకపోయేది. నేను డిప్ప చిదిపి ఇవ్వాల్సి వచ్చేది. చిదిపి ఇస్తే పళ్ళు అరగవు. ఆగస్టుకు మళ్ళీ పెరిగాయి. దసరా సెలవుల్లో రెండోసారి కత్తిరిద్దామనుకుని, అది నీరసంగా ఉందని వాయిదా వేశాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మధ్యాహ్నానికి విశాఖ దగ్గర తీరం దాటింది. ఒమన్ దేశం పెట్టిన పేరు, మన కూకుడుగువ్వ పేరే అది. విశాఖ ఏమైందో అందరికీ తెలుసు. కొండల మీద ఏమైందో తక్కువమందికి తెలుసు. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు రాత్రంతా ఫెళఫెళా విరిగాయి. ఏళ్ళ తరబడి పెంచుకున్న గిరిజన రైతుల తోటలు తెల్లారేసరికి నేలమట్టమై ఉన్నాయి. అంతటి నష్టం ముందు ఒక చేప గురించి రాయడం సిగ్గుగానే ఉంటుంది. అయినా ఆ రోజుల్లో నా కళ్ళ ముందు ఉన్నది అదే.

కరెంటు ఆదివారం పొద్దునే పోయింది. బ్యాటరీలతో నడిచే చిన్న గాలి పంపు సోమవారం రాత్రికి ఆగింది. కొట్లు మూతపడ్డాయి, బ్యాటరీలు దొరకలేదు. ఘాట్ రోడ్డు మీద చెట్లు పడి ఉన్నాయి. నీళ్ళు తేవడానికి భీమిలి లేదు. ఇక చెంబే దిక్కు. తొట్టెలో నీళ్ళు ముంచి, మోచేతి ఎత్తు నుంచి తొట్టెలోకే ధార పోయాలి. ధార పడ్డ చోట బుడగలు పుట్టి కాస్త గాలి కరుగుతుంది. పావుగంటకొకసారి, రాత్రీ పగలూ. నేను కొంతసేపు, మా ఆవిడ కొంతసేపు, పక్కింటి పిల్లలు కొంతసేపు. హీటరు లేక నీరు ఇరవై డిగ్రీలకు దిగింది. గొంగళ్ళు కప్పాం. కట్టెలపొయ్యి మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి తొట్టెలో తేల్చాం.

ఫిల్టరులో నీరు ఆగిపోతే దాన్లోని బాక్టీరియాకూ ఊపిరాడదు. అవి చస్తే అమ్మోనియా పేరుకుంటుంది. పరీక్ష మందు నీలిపచ్చగా తిరిగింది. సంచి అడుగున మిగిలిన ఉప్పుతో రెండుసార్లు నీరు మార్చాను. మూడోసారికి ఉప్పు లేదు.

గురువారం సాయంత్రం ఆ కుర్రాడు వచ్చాడు. కాలేజీ మూసేశారు. పడిపోయిన చెట్లు ఎక్కి దిగుతూ, దొరికినంత దూరం బండి, మిగతాది నడక. వాళ్ళ తోట పోయిందట. ఆ మాట చెప్పి, ఆకు పొట్లం విప్పాడు. అయిదు చిన్న పీతలు. "బూరెకు సార్."

ఒక పీతను దాని ముందుకు వదిలాం. బూరె ఇసుక మీద నుంచి లేచింది. దగ్గరకొచ్చి చూసింది. రెండు కళ్ళూ పీత మీదే నిలిపింది. పళ్ళు పీతకు ఆనించింది కానీ నోరు విడివడలేదు. మళ్ళీ ఆనించింది. తర్వాత వెనక్కి తగ్గి, కుర్రాడి ముఖం ముందుకొచ్చి ఆగింది. వాడు మరేమీ అనకుండా నా చేతిలో చెంబు తీసుకున్నాడు. ఆ రాత్రంతా వాడే ధార పోశాడు.

శుక్రవారం, అక్టోబరు 17 రాత్రి, రెండు గంటలు దాటాక బూరె చనిపోయింది. పఫర్ చనిపోయేటప్పుడు ఉబ్బుతుందని ఎక్కడో విన్నాను. ఉబ్బలేదు. ఉన్నదానికన్నా చిన్నదైంది.

తుపాను చంపిందని అందరూ ఓదార్చారు. తుపాను ఆరు రోజుల్లో ఆ పని చేయగలిగిందంటే, అంతకుముందు ఏడాదిన్నర నేను దాన్ని సిద్ధం చేశాను కాబట్టి. నత్త గుల్ల కొరికే దవడ ఉంటే అది ఆ చలినీ ఆ నీళ్ళనీ తట్టుకునేదని నేను నమ్ముతున్నాను.

కుక్కలు తవ్వకుండా మూడడుగుల లోతు గొయ్యి తీశాం. విషం చేప కదా! పుట్టుక నుంచి విషం లేని తిండి మీద పెంచిన పఫర్లలో విషం ఉండదని జపాన్ శాస్త్రవేత్తలు నిరూపించారు. అది తన ఒంట్లో తయారుచేసుకునేది కాదు, సముద్రపు బాక్టీరియా నుంచి తిండి ద్వారా చేరేది. మా ఇంట్లో ఉన్న మూడేళ్ళలో బూరెకు సముద్రం ఇచ్చిన ఆ రక్షణ ఎంత మిగిలిందో నాకు తెలియదు. అయినా లోతుగానే పూడ్చాం.

కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది. పంపు దానంతటదే మోగడం మొదలుపెట్టింది. ఖాళీ తొట్టెలో బుడగలు లేస్తుంటే మా ఆవిడ వెళ్ళి స్విచ్చి కట్టేసింది.

దారి తెరిచాక, తొట్టెలో మిగిలిన నీళ్ళను ఆరు డబ్బాల్లో నింపి భీమిలి తీసుకెళ్ళి గోస్తనీ మూతి దగ్గర వదిలాను. అలివి వల లాగుతున్నారు. ఆ పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. "మీ ఇసం చేప ఎలాగుంది మాస్టారూ?" అన్నాడు. చెప్పాను. ఆయన కాసేపు వలతాడు పట్టుకుని నిలబడి, ఆ రోజు వలలో పడ్డ రెండు పఫర్లను తట్టతో నీళ్ళతో సహా ఎత్తి, మోకాలి లోతు అలల్లోకి నడిచి దించి వచ్చాడు.

అరోత్రాన్ జాతి చేపలు సరైన తిండి దొరికితే తొట్టెల్లో సైతం పదేళ్ళకు పైగా బతుకుతాయి. బూరె మా ఇంట్లో బతికింది రెండేళ్ళ పదకొండు నెలలు.